చెప్పి తెగని బెల్టు

ఒకప్పుడు ఊళ్లోకి కారు వచ్చిందంటే పిల్లలు దాని వెనక పరుగెత్తేవారు. పెద్దలు అరుగులమీంచి లేచి, ఎవరింటికి వచ్చిందో ఆరా తీసేవారు. ఇప్పుడా వింత లేదు. నెల్లూరు జిల్లా పడమటి కొసన, సోమశిలకు దగ్గర్లో వున్న అనంతసాగరంలాంటి ఊళ్లో కూడా బడిపంతులుగారికి కారు వుంటుంది, ఎరువుల దుకాణం షావుకారుకు వుంటుంది, నాలుగెకరాల మాగాణి వున్న రైతుకూ వుంటుంది. అది కొత్తదే కానక్కరలేదు. ఇద్దరు ముగ్గురి చేతులు మారి వచ్చిన మారుతీయో, శాంత్రోయో, ఇండికాయో అయివుంటుంది. ఆత్మకూరులో ఆఫీసు పని, నెల్లూరులో ఆసుపత్రి, ఉదయగిరిలో మేనకోడలి పెళ్లి, అన్నిటికీ ఆ ఒక్క బండే దిక్కు.

కారు కొన్న గృహస్థు దానికి లోటు చెయ్యడు. టైర్లలో గాలి చూసుకుంటాడు. వేళకు ఆయిలు మార్పిస్తాడు. ఆయుధపూజనాడు బొట్టుపెట్టి, చక్రాలకింద నిమ్మకాయలు తొక్కిస్తాడు. కాని ఆ కారు ప్రాణం యావత్తూ ఒక రబ్బరు పట్టామీద ఆధారపడి వుండవచ్చుననీ, దానికో గడువు వున్నదనీ చాలామందికి తెలియదు. దానిపేరు టైమింగ్ బెల్టు. అది మూతకింద వుంటుంది. కనపడదు, మొరాయించదు, మూలగదు. ఒకనాడు తెగుతుంది, అంతే. దాన్ని ఎప్పుడు మార్చాలన్నదే ఇక్కడి ప్రశ్న.

కోలాటం తాళం

ముందు అది చేసే పనేమిటో చూద్దాం. ఇంజనులో కిందిభాగాన క్రాంక్ షాఫ్ట్ అనే ఇరుసు తిరుగుతూ పిస్టన్లను పైకీ కిందికీ ఆడిస్తుంది. పైభాగాన క్యామ్ షాఫ్ట్ అనే మరో ఇరుసు తిరుగుతూ వాల్వులను తెరుస్తుంది. ఒక వాల్వు గాలిని లోపలికి పిలుస్తుంది. మరొకటి పొగను బయటికి పంపుతుంది. కింది ఇరుసు రెండు చుట్లు తిరిగేసరికి పై ఇరుసు సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. అటు వెంట్రుకవాసి పోకూడదు, ఇటు రాకూడదు. ఈ రెండింటినీ కలిపి తిప్పేదే పళ్లున్న ఆ రబ్బరు బెల్టు.

ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. ఒక్కొక్క వాల్వు నిమిషానికి 1,500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. అదే వేగాన గంటన్నర ప్రయాణం చేస్తే ఒక్కొక్క వాల్వూ 1,35,000 సార్లు ఆడినట్టు లెక్క. ఇన్నిసార్లలో ఒక్కసారైనా తాళం తప్పడానికి వీల్లేదు.

కోలాటం చూసినవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. ఒకరి కర్ర వచ్చే వేళకు రెండోవారి చెయ్యి తప్పుకోవాలి. తాళం తప్పితే దెబ్బ వేళ్లకు తగులుతుంది. చాలా ఇంజన్లలో పిస్టనూ వాల్వూ కూడా ఇలాగే ఒకే చోటును వంతులవారీగా వాడుకుంటాయి. వాల్వు కిందికి దిగినప్పుడు పిస్టను దూరంగా వుంటుంది. పిస్టను పైకి వచ్చేసరికి వాల్వు మూసుకుని వుంటుంది. బెల్టు తెగిందా, పై ఇరుసు ఉన్నదున్నట్టు ఆగిపోతుంది. కొన్ని వాల్వులు తెరిచినవి తెరిచినట్టే వేలాడుతూ వుండిపోతాయి. కింది ఇరుసు మాత్రం బండి ఊపుకు ఇంకా తిరుగుతూనే వుంటుంది. పిస్టను వచ్చి వాల్వును గుద్దుతుంది. వాల్వులు వంగుతాయి. ఒక్కొక్కప్పుడు పిస్టన్లకు కూడా గాయం తప్పదు.

అన్ని ఇంజన్లూ ఇలాంటివి కావు. కొన్నిటిలో రెండింటికీ మధ్య చాలినంత ఎడం వుంటుంది. బెల్టు తెగితే బండి ఆగిపోతుందే గాని లోపల ఏదీ విరగదు. డీజిలు ఇంజన్లలో మాత్రం పిస్టను పైకంటా వచ్చి గాలిని గట్టిగా నొక్కాలి గనుక ఆ ఎడం సాధారణంగా వుండదు. మన ఇంజను ఏ జాతిదో రూఢిగా తెలియనప్పుడు గుద్దుకునే జాతిదేనని అనుకోవడం శ్రేయస్కరం.

కుట్టుమిషనునుంచి కారుకు

పళ్లున్న ఈ బెల్టు మొదట కారుకోసం పుట్టలేదు. 1940ల్లో అమెరికాలో కుట్టుమిషనుకోసం పుట్టింది. పైన సూదీ, కింద బాబినూ ఒకే తాళంలో నడవాలి. మామూలు బెల్టు అయితే జారుతుంది. అందుకని బెల్టుకు పళ్లు పెట్టారు. ఇంట్లో కుట్టుమిషను వున్న ఇల్లాలికి ఈ మర్మం పురుషులకన్నా తొందరగా బోధపడుతుంది. బాబిను తాళం తప్పితే గుడ్డ ఏమవుతుందో ఆమెకు తెలుసు.

ఆ బెల్టును అమ్మకానికి తయారయ్యే కారులో మొదట వాడింది జర్మనీలో. బవేరియాలోని డింగోల్ఫింగ్‌లో గ్లాస్ అనే కంపెనీ వుండేది. విత్తనాలు వేసే యంత్రాలు చేసి బతికిన సంస్థ అది. తరువాత స్కూటర్లు, చిన్న కార్లు చెయ్యడం మొదలుపెట్టింది. 1962లో అది తెచ్చిన గ్లాస్ 1004 అనే కారుకు గొలుసు తీసేసి రబ్బరు బెల్టు వేశారు. గొలుసుకన్నా బెల్టు చవక, తేలిక, చప్పుడు తక్కువ. దానికి ఆయిలు కూడా అక్కరలేదు. 1966లో ఇటలీలో ఫియట్‌వారూ, అమెరికాలో పాంటియాక్‌వారూ అదే దారి పట్టారు.

మన దేశంలో ఆ కాలపు బళ్లకు ఈ బెడద లేదు. అంబాసిడరుకు, ఫియట్ పద్మినికి లోపల ఇనుప గొలుసే. అది అరిగితే గలగలమని ముందుగా మొత్తుకునేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మధ్యతరగతివారి ఇంటిముందుకు కారు వచ్చింది, దానితోపాటు టైమింగ్ బెల్టు కూడా వచ్చింది. 1998లో వచ్చిన శాంత్రోకు, టాటా ఇండికా డీజిలుకు బెల్టే. 2012లో వచ్చిన డస్టరు డీజిలుకు కూడా బెల్టే. స్విఫ్టు డీజిలుకు మాత్రం గొలుసు. ఒకే పేరుతో వచ్చిన కారుకు ఒక ఇంజనులో బెల్టూ, మరో ఇంజనులో గొలుసూ వుండవచ్చు. కనుక పక్కింటివారి కారును చూసి మన కారు సంగతి తేల్చుకోకూడదు. బండితో ఇచ్చిన పుస్తకం చూడాలి, లేదా ఆ బండ్లు విప్పి ఎరిగిన మెకానిక్‌ను అడగాలి.

గొలుసు వున్నవారు కూడా బొత్తిగా ధీమాగా వుండడానికి లేదు. ఆయిలు వేళకు మార్చకపోతే గొలుసు సాగుతుంది. మరికొన్ని కొత్త ఇంజన్లలో బెల్టు ఆయిలులోనే మునిగి తిరుగుతుంది. 2013లో మన దేశానికి వచ్చిన ఫోర్డ్ ఎకోస్పోర్ట్ ఒక లీటరు పెట్రోలు ఇంజను అలాంటిది. అటువంటి వాటిలో పుస్తకంలో చెప్పిన రకం ఆయిలు తప్ప మరొకటి పోస్తే బెల్టు రబ్బరు చెడుతుంది. విద్యుత్తుతో నడిచే కారుకు వాల్వులూ లేవు, బెల్టూ లేదు.

రెండు కార్లు, రెండు లెక్కలు

ఇక అసలు విషయం. తయారుచేసినవారు ఈ బెల్టుకు రెండు గడువులు పెడతారు. ఒకటి కిలోమీటర్లలో, రెండోది సంవత్సరాల్లో. ఏది ముందు వస్తే అదే గడువు. బండినిబట్టి ఇది మారుతుంది. చాలావాటికి 60,000 కిలోమీటర్లకూ 1,50,000 కిలోమీటర్లకూ మధ్యన వుంటుంది. సంవత్సరాల్లో ఐదుకూ పదికీ మధ్యన వుంటుంది. మన బండికి ఎంతో దాని పుస్తకమే ప్రమాణం.

ఉదాహరణకు ఒక బండికి 80,000 కిలోమీటర్లు లేక ఐదేళ్లు గడువనుకుందాం. అనంతసాగరంలో అలాంటి కార్లు రెండున్నాయనుకుందాం.

మొదటిది బడిపంతులుగారిది. వారానికోసారి ఆత్మకూరు వెళ్లిరావడానికి ఓ నలభై అయిదు కిలోమీటర్లు. నెలకోసారి నెల్లూరుకు రానుపోను నూట ఏభై. పెళ్లిళ్లు, తిరుణాళ్లు కలుపుకుంటే ఏడాదికి 5,000 కిలోమీటర్లు. ఐదేళ్లకు మీటరుమీద తిరిగేది 25,000 మాత్రమే. కిలోమీటర్ల లెక్కన చూస్తే ఆయన బెల్టు పదహారేళ్లు వుండాలి.

రెండోది బాడుగ కారు. నెలకు ఇరవై అయిదు రోజులు నెల్లూరు వెళ్లి వస్తుంది. ఏడాదికి 45,000 కిలోమీటర్లు. దానికి 80,000 నిండడానికి ఇరవయ్యొక్క నెలల పైచిలుకు చాలు.

ఈ ఇద్దరిలో ఎక్కువ ప్రమాదంలో వున్నదెవరు? బాడుగ కారు డ్రైవరని మనకు తోస్తుంది. నిజానికి అతను మీటరు చూస్తూనే వుంటాడు. బండి ఆగితే ఆనాటి కూలి పోతుంది గనుక గడువు మరిచిపోడు. మరిచిపోయేది పంతులుగారు. “నేను బండి తీసేదే ఎప్పుడో ఒకప్పుడు. ఇంకా పాతికవేలు కూడా తిరగలేదు. అప్పుడే బెల్టేమిటి?” అంటారాయన. ఆయన మాటలో న్యాయం వున్నట్టే కనపడుతుంది. కాని రబ్బరు కిలోమీటర్లతో ఒక్కటే అరగదు, కాలంతో కూడా పండిపోతుంది. దండెంమీద వాడకుండా వేలాడేసిన సైకిలు ట్యూబు రెండు మూడు వేసవులకు ఏమవుతుందో అందరికీ తెలుసు. ఇంజను వేడిలో వున్న రబ్బరుకు అంతకన్నా మంచి గతి పట్టదు.

మన ప్రాంతపు వేడిని కూడా ఇందులో కలుపుకోవాలి. రోహిణికార్తెలో నెల్లూరు జిల్లా ఎండ ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. దానికి ఇంజను వేడి తోడు. మెట్టపొలాల దారుల్లో దుమ్ము మరో శత్రువు. పై మూత పగిలివుంటే దుమ్ము లోపలికి చేరి బెల్టు పళ్లను గీరుతుంది. ఇంకో సంగతి. ఆసుపత్రి బయట ముసలివారిని బండిలో కూర్చోబెట్టి, ఏసీకోసం గంటసేపు ఇంజను ఆడిస్తారు. బండి కదలదు, మీటరు తిరగదు. కాని బెల్టు ఆ గంటా తిరుగుతూనే వుంటుంది. వేడి, దుమ్ము, ఇలా నిలబెట్టి ఆడించడం ఎక్కువగా వున్నచోట గడువు చివరిదాకా ఆగకుండా కొంత ముందే మార్చడం మంచిది.

చెవికి వినపడదు, కంటికి ఆనదు

“బెల్టు పాడైతే చప్పుడు రాదా?” అని అడుగుతారు. ఉదయం బండి తియ్యగానే కీచుమనే చప్పుడు చాలామంది ఎరుగుదురు. సాధారణంగా అది బయట వుండే ఫ్యాను బెల్టుదో, డైనమో బెల్టుదో. దాన్ని బిగించి, లేదా మార్చి, “బెల్టు మార్పించేశాం” అని తృప్తిపడేవారున్నారు. ఆ బెల్టు వేరు, ఈ బెల్టు వేరు. దీనికి పళ్లున్నాయి గనుక జారి కీచుమనదు. బెల్టును బిగించే టెన్షనరు బేరింగు పాడైతే మాత్రం గరగరమని రొద వస్తుంది. అలా వస్తే ఇక ఆలోచించనక్కరలేదు.

పై మూత తీసి చూస్తే తెలియదా? కొంత తెలుస్తుంది. పళ్లు ఊడినా, అంచులు పీచులేసినా, ఆయిలు తడి కనిపించినా ఆ బెల్టు పని అయిపోయినట్టే. ఆయిలు తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఆ ఆయిలు ఎక్కడినుంచి కారుతున్నదో చూసి ఆపకపోతే కొత్త బెల్టుకూ అదే గతి. కాని బాగున్నట్టు కనిపించిందని నమ్మడానికి లేదు. వెనకటి రబ్బరు ముసలిదైతే పైన పగుళ్లు వేసేది. తరువాత వచ్చిన మేలురకం రబ్బరు పగుళ్లు చూపకుండానే అరుగుతుంది. బలమంతా లోపలున్న గాజుదారాలది. అవి కంటికి కనపడవు.

పాత ఇన్నోవా డీజిలు వంటి కొన్ని బళ్లలో గడువు వచ్చినప్పుడు ఒక దీపం వెలుగుతుంది. ఆ దీపం కూడా బెల్టును చూసి వెలిగేది కాదు. కిలోమీటర్లు లెక్కపెట్టి వెలిగేది. అంటే యంత్రం చేసినవారు కూడా చెవినీ, కంటినీ నమ్ముకోలేదు. లెక్కనే నమ్ముకున్నారు.

పాత కారు కొన్నవారికి

చేతులు మారిన కారుకు ఈ చిక్కు మరీ ఎక్కువ. అమ్మినవారు “మొన్ననే మార్పించామండీ” అంటారు. ఆ మొన్న ఏ సంవత్సరమో చెప్పరు. మీటరును వెనక్కి తిప్పడం కూడా లోకంలో వున్న విద్యే. కనుక మాట కాదు, కాగితం కావాలి. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ షెడ్డులో మార్చారో రసీదు వుంటే ఆ తేదీనుంచి లెక్క మొదలుపెట్టండి. రసీదు లేకపోతే మార్చలేదనే అనుకోండి. సీటు కవర్లకూ, పాటల పెట్టెకూ పెట్టే డబ్బు ముందు బెల్టుకు పెట్టండి. బేరం ఆడేటప్పుడే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించుకోవచ్చు కూడా.

మార్పించేటప్పుడు బెల్టుతోపాటు టెన్షనరూ, దాని పక్కన తిరిగే కప్పీ కూడా మార్చమనండి. కొన్ని ఇంజన్లలో నీళ్ల పంపు కూడా ఈ బెల్టుమీదే తిరుగుతుంది. పంపు బిగిసిపోతే కొత్త బెల్టు కూడా తెగుతుంది. అక్కడిదాకా విప్పడానికే కూలి ఎక్కువ. ఒక్కసారి విప్పినప్పుడే అన్నీ చూసుకోవడం లాభం. పెట్టెలోంచి తీసిన కొత్త బెల్టును మడవకూడదు, మెలితిప్పకూడదు. లోపలి దారాలు అక్కడే విరుగుతాయి. బిగించాక గుర్తులు కలిశాయో లేదో చూసి, ఇంజనును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, మళ్లీ గుర్తులు చూసిన తరువాతనే తాళంచెవి తిప్పాలి. మంచి మేస్త్రీ ఇవన్నీ మనం చెప్పకుండానే చేస్తాడు. అయినా దగ్గర నిలబడి చూడడంలో తప్పులేదు. మార్చిన తేదీ, మీటరు అంకె ఒక చీటీమీద రాయించి ఇంజను మూత లోపల అంటించండి.

పోపులడబ్బా లెక్క

ఇంతవరకూ వచ్చాక ప్రతి ఇంట్లోనూ జరిగే సంభాషణ ఒకటి వుంటుంది.

“ఈ నెల కాదులే. పిల్లల ఫీజులు కట్టాలి. బండి బాగానే నడుస్తోందిగా” అంటాడు ఇంటాయన.

“ఏమండీ, బాగా నడుస్తున్నప్పుడు కాకపోతే, ఆగిపోయాక మారుస్తారా?” అంటుంది ఇల్లాలు.

ఆమె మాటే సరైనది. కాని ఆయన మాట కూడా కొట్టిపారెయ్యదగింది కాదు. మధ్యతరగతి సంసారంలో కనపడే ఖర్చు ముందు నిలబడుతుంది, కనపడని ఖర్చు వెనక్కి తగ్గుతుంది. ఫీజు కట్టకపోతే రేపే కబురు వస్తుంది. బెల్టు కబురు పంపదు. కాబట్టి దీనికి వాదన కాదు, ఉపాయం కావాలి.

బెల్టూ, దాని సామానూ, కూలీ కలిసి ఆరువేలయిందనుకోండి. ఐదేళ్లంటే అరవై నెలలు. నెలకు నూరు రూపాయలు. బెల్టు మార్చిన నెలనుంచే ఆ నూరూ పోపులడబ్బాలో వేస్తూ వస్తే గడువు వచ్చేనాటికి సొమ్ము సిద్ధంగా వుంటుంది. మీ బండికి ఎంతవుతుందో మీ షెడ్డులో అడిగి, దాన్ని గడువు నెలలతో భాగించుకోండి. అదే బెల్టు తెగితే అయ్యే పని వేరు. ఇంజను తల విప్పాలి, వంగిన వాల్వులు మార్చాలి, తల చదును చేయించాలి, చివరికి కొత్త బెల్టూ వెయ్యాలి. అది మొదటి ఖర్చుకు ఎన్నో రెట్లు. పాత కారయితే ఒక్కొక్కప్పుడు బండి ధరకే దగ్గరపడుతుంది.

డబ్బు సంగతి అలా వుంచండి. ఇంటికి కారు కొన్నది దేనికి? పెద్దాయనకు అర్ధరాత్రి ఆయాసం వస్తే నెల్లూరు తీసుకుపోవడానికి. కోడలికి నొప్పులు వస్తే బస్సుకోసం చూడకుండా బయలుదేరడానికి. బెల్టు తెగితే బండి నడిరోడ్డున చచ్చిపడుతుంది. మర్రిపాడు దాటిన కొండదారిలో రాత్రి వేళ మెకానిక్ ఎక్కడ దొరుకుతాడు? వెనక లారీలు వస్తూంటే స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకు గట్టిపడుతుంది. కారు కొన్న ప్రయోజనమే ఆ ఒక్క క్షణాన లేకుండా పోతుంది.

ఒకవేళ అలా జరిగితే ఒకటి గుర్తుంచుకోండి. నడుస్తున్న ఇంజను హఠాత్తుగా ఆగి, తాళంచెవి తిప్పితే ఎప్పుడూ లేనంత తేలిగ్గా గిరగిర తిరుగుతూ అందుకోకపోతే, బెల్టు తెగిందని అనుమానించాలి. మళ్లీ మళ్లీ తాళంచెవి తిప్పకూడదు. నలుగురినీ పిలిచి తోయించి స్టార్టు చెయ్యాలని చూడకూడదు. మొదటి దెబ్బకు మిగిలిన వాల్వులు కూడా ఆ ప్రయత్నంలో పోతాయి. బండిని న్యూట్రలులో పెట్టి, ఓరగా నిలిపి, లాక్కుపోవడానికి మరో బండిని పిలవడమే మార్గం.

చెరువుకింద సేద్యం చేసే ఊళ్లవారికి ఈ నీతి కొత్తది కాదు. అనంతసాగరం పేరులోనే చెరువున్నది. తూము తలుపు, కట్టమీది గండ్లు ఎండాకాలంలో, నీరు లేనప్పుడే బాగుచేసుకుంటారు. అప్పుడు తూము ఏమీ కారుతూ వుండదు, కట్ట ఏమీ కదులుతూ వుండదు. అయినా చేస్తారు. కార్తీకంలో వాయుగుండం పట్టాక చెయ్యడానికి ఏమీ వుండదని వారికి తెలుసు గనుక.

కనుక ఈ ఆదివారం బండి పుస్తకం బయటికి తియ్యండి. బెల్టో గొలుసో తెలుసుకోండి. బెల్టయితే గడువెంతో, చివర ఎప్పుడు మార్చారో చూడండి. సంవత్సరాలూ, కిలోమీటర్లూ రెండూ లెక్కవేసి, ముందు వచ్చే తేదీని గోడమీది క్యాలెండరులో రాసుకోండి. ఆ తేదీ ఇప్పటికే దాటిపోయివుంటే, లేదా చివర ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియకపోతే, తరువాతి నెల్లూరు ప్రయాణానికి ముందే షెడ్డుకు వెళ్లండి.